వెంట వచ్చిన మనిషి

కౌన్సెలర్ గదిలో ఫ్యాను తిరుగుతోందన్న మాటే గానీ గాలి రావడం లేదు.

"ఈయన ఇదివరకు రెండుసార్లు ఒంటరిగా వచ్చారు. రూలు ప్రకారం వెనక్కి పంపాం," అంది కౌన్సెలర్. "మందులిచ్చి పొమ్మనడం పాత పద్ధతమ్మా. ఇప్పుడు మాటలతో, ఇంటివాళ్ల తోడుతో నయం చేస్తున్నాం. ఇంటి మనిషి లేకుండా మొదలుపెట్టం. మీరు ఇన్నాళ్లూ ఏమైపోయారు?"

"తప్పేనండి," అంది అతని పక్క కుర్చీలో కూర్చున్న ఆవిడ. "పనుల్లో పడి తెమల్లేదు."

అతను తన గోళ్ల వంక చూసుకుంటూ కూర్చున్నాడు. ఈసారీ పొమ్మంటే మళ్లీ ఈ మెట్లెక్కే ఓపిక లేదు. ఆ తర్వాత తనని తాను ఏం చేసుకుంటాడో తనకే తెలియదు. ఆ భయంతోనే వచ్చాడు.

కొత్త విధానం మంచిదే. కుటుంబం పక్కనుంటే రోగి త్వరగా తేరుకుంటాడని పెద్దలెవరో తేల్చారు. గోడకు ఒక కుటుంబం బొమ్మ కూడా అంటించారు. అందులో అందరి పళ్లూ బాగున్నాయి.

"మీ తమ్ముడు ఇంట్లో ఎలా ఉంటారు?"

"పగలంతా బాగానే తిరుగుతాడండి. పొద్దుగూకితేనే కష్టం. లైటు వెయ్యడు. కంచం ముందు పెట్టుకుని అలాగే కూర్చుంటాడు. ఫోను మోగితే ఉలిక్కిపడతాడు, మోగకపోతే ఏడుస్తాడు."

అతను తలెత్తి ఆవిడ వంక చూశాడు. ఇవేవీ అతను ఎవరికీ చెప్పుకోలేదు.

"ఏడవడం మీరు చూశారా?"

ఆవిడ చూపు గోడ మీది బొమ్మ వైపు తిప్పుకుంది. "దిండులో మొహం దూర్చుకుని ఏడిస్తే ఎవరికి కనిపిస్తుందండీ? పొద్దున ఆ దిండు ఎండలో వేసేటప్పుడు తెలుస్తుంది."

కౌన్సెలర్ మెత్తబడింది. "ఇంతగా కనిపెట్టుకునే అక్క ఉంటే సగం నయమైనట్టే. వచ్చే వారం నుంచి మొదలుపెడదాం. మీరు మాత్రం మానకూడదు."

"ఎందుకు మానతానండి," అంది ఆవిడ.

ఇద్దరూ బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూలబడ్డారు. అతనికి దుఃఖం పొంగుకొచ్చింది. తన తరఫున ఒక మనిషి నోరు విప్పి ఎన్నాళ్లయిందో. తన సీసాలో నీళ్లు ఆవిడకిచ్చాడు.

ఆవిడ రెండు గుక్కలు తాగి, మూత బిగించి, "మధ్యాహ్నం పక్క గదిలో నా వంతు వస్తుంది, ఇందాక గేటు దగ్గర అనుకున్నట్టే అప్పుడు నాకు తమ్ముడిగా మీరు లోపలికి రావాలండీ," అంది.