మైల మొలతాడు

తండ్రి పెద్దకర్మ నాడు బయ్యన్న, తమ్ముడు వీరేశం కాలవలో మునిగి, మైల మొలతాళ్లు తెంపి గట్టున పారేసి కొత్తవి కట్టుకున్నారు. పిండం చుట్టూ ఒక కాకి తిరుగుతోంది గానీ ముట్టడం లేదు.

"నాయన అలిగాడేమో. అదే ముడుతుందిలే అన్నా, ఇంటికాడ జనం ఆకలి మీదున్నారు," అంటూ వీరేశం హైవే మీదికి అడుగేశాడు. అటూ ఇటూ చూడలేదు. ఈ రోజుల్లో ఎవరూ చూడరు. మొలతాడుకున్న బిళ్ల రోడ్డు పక్క స్తంభానికి చెబుతుంది, స్తంభం లారీలకి చెబుతుంది, అవి ఆగుతాయి. డ్రైవర్లు లేరు. ఇంక కళ్లెందుకని కెమెరాలూ పీకేశారు.

లారీ ఆగలేదు. వీరేశాన్ని చక్రాల కిందికి లాక్కుని, పేగులు తారు మీద పరిచి పోయింది.

బయ్యన్న చెయ్యి తన మొల తడుముకుంది. కొత్త తాడు. బిళ్లలు పాతవాటితోపాటే గట్టున పడున్నాయి.

రాయి తీసుకుని, వేళ్లు చితికేదాకా స్తంభాన్ని బాదాడు. "మనిషిరా వాడు. మనిషి."

ఇంతలో ఆ కాకి, కాలికి వీరేశం పాత మొలతాడు చుట్టుకుని, వచ్చి శవం మీద వాలింది. వస్తున్న లారీలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

బయ్యన్న కాకి మీదికి రాయెత్తాడు. అది లేస్తే లారీలు కదులుతాయి. తమ్ముణ్ణి ఏరుకునేదాకా అది అక్కడే ఉండాలి.

రాయి వదిలేసి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"తిను నాయనా," అన్నాడు. "మెల్లగా తిను."