కాటవ్వ గట్టెక్కించిన సిపాయి

పిల్లలు ఫోన్‌లో ఆడే ఆ చీమల యుద్ధం ఆటలో మీరేం చూశారో చెప్పండి. ఎర్రచీమలు మంచివి, నల్లచీమలు దొంగలు, అంతేగా? ఎవడు చెప్పాడు ఆ మాట?

ఆ ఆటలోనే ఒకసారి, నీళ్ళలో పడి మునిగిపోతున్న ఎర్రచీమ సిపాయి కెంపడిని, నల్లచీమల్లో ముసలిదైన కాటవ్వ గట్టుకు లాగింది.

"అవ్వా, నిన్న మీ గుడ్లు ఎత్తుకుపోయింది నేనే," అన్నాడు కెంపడు తలొంచుకుని.

"తెలుసులేరా. మొన్న మీ గుడ్లు తిన్నది నేనే. ముందు ఒళ్ళు ఆరబెట్టుకో, తుమ్మి చస్తావు."

సొంత పుట్టలో కూడా ఎవరూ అతనితో అలా అనలేదు. కెంపడు అవ్వ కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

అంతలో, ఫోన్ పట్టుకుని కెంపడిని ఆడిస్తున్న పిల్ల, అవ్వను కొట్టమని మీట నొక్కింది. కెంపడు కదల్లేదు. మళ్ళీ నొక్కింది. అతను అవ్వకు అడ్డంగా నిలబడ్డాడు.

పిల్ల వేలు గాల్లోనే ఆగింది. మీ వేలైతే ఇంకోసారి నొక్కేదా?