నాలుగో గిన్నె

“ఇంకెంతసేపు కాస్తావు? అదేమన్నా పాయసమా?” రోశయ్య విసుక్కున్నాడు.

“ఒక్క పొంగు రానివ్వండి మామయ్యా,” అంది కోడలు అఖిల, మూడు రాళ్ల మధ్య మంట ఎగదోస్తూ.

తప్పిపోయిన గేదె కోసం పొదిలి అవతలి కొండలెక్కిన ఇద్దరూ దారి తప్పి మిట్టమధ్యాహ్నానికి ఈ బండల్లో తేలారు. ఫోన్లో సిగ్నల్ లేదు. తెచ్చుకున్న సీసా ఎప్పుడో ఖాళీ. దొరికిందల్లా బండ గుంటలో పాచి పట్టిన నీళ్లు. రోశయ్య దోసిలి పట్టబోతే అఖిల ఆపింది. కొంగు నాలుగు మడతలు వేసి వడగట్టి, టిఫిన్ గిన్నెలో పోసి, ఆయన చుట్టల అగ్గిపెట్టెతోనే పొయ్యి రాజేసింది.

నీళ్లు తెర్లాయి. చల్లారాక చెరి సగం తాగారు. రోశయ్యకు ప్రాణం లేచొచ్చింది. తలగుడ్డ చుట్టుకున్నాడు.

“పద. ఆ పడమటి గట్టు దిగితే మన పత్తి చేలే.”

అఖిల లేవలేదు. దారికి నీళ్లు కావాలంటూ రెండో గిన్నె పెట్టింది. అది కాగాక వాసన చూసి, ఇంకా పాచి కంపేనంటూ పారబోసింది. మూడో గిన్నెకీ అదే వరస. పైగా ఎండుపుల్లలు చేతికందేలా ఉండగా పచ్చి కొమ్మలు విరిచి మంటలో వేస్తోంది. పొగకు రోశయ్య కళ్లు మండాయి.

ఆయనకు కాలు నిలవడం లేదు. గట్టు వైపు నాలుగడుగులు వేస్తాడు, పిల్లను ఒంటరిగా వదల్లేక వెనక్కొస్తాడు. పొద్దు వాలుతోంది. లోపల భయం, పైకి తిట్లు. చిన్నప్పట్నుంచీ కుంట నీళ్లే తాగానని, తనకేమీ కాలేదని అరిచాడు. ఆశా కార్యకర్త పెత్తనం ఊళ్లో చేసుకోమన్నాడు. అఖిల ఇంకో పచ్చి కొమ్మ విరిచి మంటలో వేసింది.

నాలుగో గిన్నె పొయ్యి మీద ఉండగా తూర్పు వైపు నుంచి ఈలలు వినిపించాయి. కాసేపటికి అఖిల భర్త సాయిగణేష్, ఊరివాళ్లు ఇద్దరు రొప్పుతూ వచ్చారు.

“గేదె పొద్దున్నే ఇంటికొచ్చేసింది నాన్నా, మీరే రాలేదు. ఈ పొగ కనబడబట్టి ఇటొచ్చాం. ఆ పడమటి గట్టు దిగితే అంతా అడివే. అటు పోయుంటే ఎక్కడని వెతికేవాళ్లం?”

రోశయ్య గట్టు వైపు చూసి, తలగుడ్డ విప్పాడు. దాంతో మొహం తుడుచుకుంటూ, కోడలి నీళ్ల చాదస్తమే ఈ పూట కాపాడిందన్నాడు.

అఖిల నాలుగో గిన్నె నీళ్లు మంట మీద కుమ్మరించింది.

“నీళ్లు మొదటి గిన్నెకే మంచివయ్యాయి మామయ్యా. మిగతా మూడూ మిమ్మల్ని కదలనివ్వకుండా కాచినవి.”