ఆలిస్ పచ్చ చీర

తెర మీద బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా విచ్చుకుంటుంటే, ఆలిస్ తన ఆకుపచ్చ చీర కుచ్చిళ్ళు సర్దుకుని కుర్చీలో ముందుకి జరిగింది. ఆ బొమ్మలో కనబడబోయేది తనే. వేసింది మొగుడు ఆర్థర్.

గోల్‌బజార్‌లో తిమోతి కంప్యూటర్ సెంటర్ పెట్టిన దగ్గర్నుంచీ నెలకో ఆదివారం సాయంత్రం ఈ ముచ్చట జరుగుతోంది. సరదాకి బొమ్మలేసేవాళ్ళు పదిమంది దాకా చేరతారు. అందరికీ ఒకటే విషయం ఇస్తారు. మౌసుతో బొమ్మ వేసి ఫ్లాపీలో పెట్టివ్వాలి. ఈ నెల విషయం ‘మా ఇంటి రంగు’. అందుకని ఇంటివాళ్ళని కూడా రమ్మన్నారు.

“నీకు బాగా ఇష్టమైన సీరలోనే నిన్న సెంటర్లో ఏసినాను. వచ్చి సూడు” అని పొద్దున చర్చికి బయల్దేరుతుంటే ఆర్థర్ అన్నాడు.

ఆ మాటకే ఆలిస్ సగం కరిగిపోయింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన తన చీర ఊసెత్తడం అదే మొదలు. ఏది కట్టుకుని ఎదురుగా నిలబడినా “బాగుంది” అనేవాడే గాని, ఈ రెండిట్లో ఏది బాగుందంటే నీళ్ళు నమిలేవాడు. బజారుకి పంపితే పచ్చి టమాటాలు ఏరుకొచ్చేవాడు. మనిషి ఇక్కడ, ధ్యాస ఎక్కడో అని ఆమె ఎప్పుడో తీర్మానించుకుంది. తన వంక ఒక్కసారైనా నిదానంగా చూశాడా అన్న దిగులు మాత్రం లోపల అలాగే ఉండిపోయింది. అమ్మ పెట్టిన ఈ పచ్చ చీర అంటే తనకి ప్రాణమని ఆయనకి తెలుసో లేదో ఇవాళ తేలిపోతుంది.

ఆర్థర్ తీరే అంత. తండ్రి పేరున్న ఇంజను డ్రైవరు. కొడుక్కి ఇంజనులో బొగ్గువేసే ఫైర్‌మన్ ఉద్యోగానికి పిలుపొస్తే రైల్వేవాళ్ళుండే ఓల్డ్ సెటిల్‌మెంట్ అంతా మిఠాయిలు పంచిపెట్టాడు. కొడుకు మాత్రం డాక్టరు పరీక్షకని వెళ్ళి వారం తిరక్కుండా వెనక్కొచ్చేసి, ఇంజను పొగ తనకి పడదని చెప్పి స్టోర్స్‌లో గుమాస్తాగా చేరాడు. ముసలాయన పోయేదాకా ఆ మాట దెప్పుతూనే ఉన్నాడు. బొమ్మల పిచ్చి చిన్నప్పటిదే అయినా ఆర్థర్ పెన్సిలు దాటి ఎరగడు. రంగులు కొనుక్కోమంటే దండగనేవాడు. అలాంటివాడు రిటైరయ్యాక కంప్యూటర్ ముందు చేరి రంగుల్లో మునిగి తేలుతున్నాడు. మొదటి రోజే తెర అడుగునున్న రంగుల గళ్ళ పేర్లన్నీ తిమోతి చేత వరసగా చెప్పించుకుని, సండేస్కూల్లో కంఠతవాక్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పేశాడట.

“స్టోర్స్ మనిషిని బాబూ. ఏ అరలో ఏటుందో తెలిస్తే సాలు, కళ్ళు మూసుకుని తీసెస్తాను” అన్నాడట.

ఇవాళ వీళ్ళు వచ్చేసరికి తిమోతి చిరాగ్గా ఉన్నాడు. మొన్న బ్యాచ్ వాళ్ళెవరో ఆకతాయితనానికి ఆ గళ్ళలో రంగులు అటుదిటూ ఇటుదటూ మార్చిపోయారనీ, పొద్దున్న చూసుకుని సరిచేశాననీ వచ్చినవాళ్ళందరితోనూ చెప్పుకున్నాడు. బహుమతి ఎవరికొస్తుందా అనే తొందరలో ఎవరూ దాన్ని చెవిన పెట్టలేదు.

బొమ్మ పూర్తిగా విచ్చుకుంది. వాళ్ళ ఇంటి గుమ్మం, పక్కనే కరివేప మొక్క, అరుగు మీద చేటలో ఎండుమిరపకాయలు, గుమ్మంలో ఆలిస్. ముక్కూ మొహం అచ్చుగుద్దినట్టు ఆమెవే. నవ్వితే ఎడమ బుగ్గన పడే సొట్టని కూడా ఆయన వదల్లేదు. చీర మాత్రం ఎర్రగా భగ్గుమంటోంది.

ఆలిస్ దగ్గర అసలు ఎర్ర చీరే లేదు.

పక్కింటి సూసన్న ఊరుకునే రకం కాదు. “ఏటి వదినా, ఆ ఎర్రసీర ఎవుల్దో కనుక్కో” అని చెవిలో ఊది ముసిముసిగా నవ్వింది. ఆలిస్‌కి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్ళూ కళ్ళెదుట తిరిగిన చీర కూడా ఈయనకి ఆనలేదన్నమాట.

అప్పుడు వరాహనరసింహం మాస్టారు లేచారు. స్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. ఆయన నోట మెచ్చుకోలు రావడం గగనం. తెర దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశారు.

“కరివేపాకు ఎరుపు, సీర ఎరుపు, ఎండుమిరపకాయలేమో పచ్చన. సూసినారా? మనమందరం కంటికి కనబడిన రంగు వేసినాం. ఈయన మనసుకి కనబడింది వేసినాడు. ఆవిడ గుమ్మంలో ఉంటే ఆ ఇంట్లో ఎండినవి కూడా పచ్చగా ఉంటాయని” అన్నారు.

బహుమతి ఆర్థర్‌కేనని చేతులన్నీ లేచాయి. సూసన్న చెయ్యి కూడా లేచింది. ఆర్థర్ బహుమతిగా ఇచ్చిన ఫ్లాపీల పెట్టె అందుకుని, తలవంచుకుని వచ్చి కూర్చున్నాడు. ఎంత పొగిడినా మిడిసిపడని ఆయన వాలకం చూసి ఆలిస్‌కి ముద్దొచ్చింది.

ఓల్డ్ సెటిల్‌మెంట్ సందుల్లోంచి ఇద్దరూ నడిచి వస్తున్నారు. ఆలిస్ కాళ్ళు నేల మీద లేవు. తన మనిషికి పైపైన చూడడం రాదు, అంతే. లోపలికే చూస్తాడు. అది తెలియక ఇన్నేళ్ళూ ఊరికే నొచ్చుకుంది. ఈ సుఖం చాలు తనకి. అయినా ఆడమనిషి కదా, అడక్కుండా ఉండలేకపోయింది.

“నాకిష్టమైన సీరన్నారు గదండీ. మరి ఎరుపెందుకు ఏసినారు?”

ఆర్థర్ వీధి దీపం కింద ఆగాడు. ఆమె పైటచెంగు చేతిలోకి తీసుకుని వెలుతురుకి దగ్గరగా పట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

“నేనేసింది పచ్చే, ఆలిస్... ఎర్రగా ఉందని మాస్టారు సెప్తేనే తెలిసింది.”