ఆరో లైను

1988 ఫిబ్రవరి 11. గురువారం కాబట్టి, ఆ ఊరి ఆనవాయితీ ప్రకారం, కళాశాల భోజనశాలలో బంగాళదుంప ఉండలూ ఉప్పుమాంసమూ పెట్టారు. మారిట్ రెండు ఉండలు తిని, తూగుతూ యంత్రాల గదికి వచ్చి కూర్చుందో లేదో టెలిఫోను మోగింది.

“పొద్దుటినుంచీ తిప్పుతున్నానండీ! ఆరు లైన్లూ ఖాళీ లేవు. సోమవారానికి నా లెక్కలు అప్పగించాలి!”

ఎవరో విద్యార్థి. ఇవాళ ఇది ఏడో ఫోను.

ఇళ్ళనుంచి ఫోను చేసి కళాశాల కంప్యూటర్లోకి రావడానికి ఉన్నవి ఆరే లైన్లు. వాటిని చూసుకునే ఉద్యోగంలో మారిట్ చేరి మూడు నెలలు.

ఆమె లైన్ల పట్టిక తెరిచింది. ఏ లైను ఎంత వేగం, వచ్చినవాణ్ణి ఏమని పలకరించాలి, ఎంతసేపు ఆగాలి, అన్నీ అందులోనే ఉంటాయి. అయిదు లైన్లకు గడువు అరవై సెకన్లు. ఆలోగా పేరూ రహస్యపదమూ కొట్టకపోతే యంత్రం ఫోను పెట్టేస్తుంది.

ఆరోదానికి గడువే లేదు.

“దీనికెందుకండీ ఇంత మర్యాద?” అని పక్క బల్ల దగ్గరున్న ఓడ్వర్‌ని అడిగింది.

“నాకేం తెలుసు? నీకు ముందు ఈ పని చూసిన పాతాయన పెట్టిపోయాడు. నీ తంతి బాబుని అడుగు.”

తంతి బాబు అంటే ఐవింద్. కంప్యూటర్లో ప్రశ్నల పలక ఒకటుంది. ఎవరైనా అడగొచ్చు, ఎవరైనా చెప్పొచ్చు. చెప్పేది ఎక్కువగా ఐవిందే. అతన్ని ఎవరూ చూడలేదు. పలకరింపు ఉండదు, సెలవు ఉండదు, తంతి కొట్టినట్టు నాలుగు మాటలు. మారిట్ చేరిన కొత్తలో పట్టిక మార్చినా ఏమీ మారక ఏడుపొచ్చినంత పనయితే, “పట్టిక సరే. యంత్రాన్ని మళ్ళీ చదవమను” అని రాసి గట్టెక్కించింది అతనే.

ఆమె పలకమీద రాసింది: “ఆరో లైనుకు గడువు లేకపోవడానికి కారణం ఏమైనా ఉందా? లైన్లు దొరక్క పిల్లలు ఏడుస్తున్నారు.”

సాయంత్రానికి జవాబు వచ్చింది.

“కారణం లేదు. అరవై పెట్టు.”

“అబ్బో, నాలుగు మాటలే! ఇవాళ ఉపన్యాసమిచ్చాడు,” అన్నాడు ఓడ్వర్.

మారిట్ అరవై పెట్టింది.

మర్నాడు, ఎవరో ఫోను కలిపినట్టు, ఆరో లైను ఎర్రదీపం వెలిగింది. నిమిషానికి ఆరింది. మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరింది. మధ్యాహ్నంలోగా ఇరవైమూడు సార్లు.

“ఎవడో దొంగ వెధవ. తాళంచెవులన్నీ పెట్టి చూస్తున్నాడు,” అన్నాడు ఓడ్వర్.

దొంగను ఎలా ఆపాలని మారిట్ పలకమీద అడిగింది. ఐవింద్ జవాబివ్వలేదు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి.

“తంతి బాబు అలిగాడు. నువ్వేమన్నావో ఏమో!”

ఎర్రదీపం మాత్రం రోజూ వెలిగి ఆరుతూనే ఉంది. మూడో సోమవారం మారిట్ విసుగెత్తి ఆరో లైనును పూర్తిగా ఆపేసింది.

ఆ శుక్రవారం నాలుగింటికి, గది మూసే వేళకి, తడిసిన కోటుతో ఒకావిడ వచ్చింది. వల సంచీలోంచి మోడెమ్ పెట్టె తీసి బల్లమీద పెట్టింది.

“నా పేరు ఇంగెర్. ఇది మీ కళాశాలదే. మా తమ్ముడికి ఇచ్చారు. ఇక అక్కర్లేదు.”

“ఏం, పాడైందా?”

“లేదమ్మా. వాడిది కండరాల జబ్బు. నోట పుల్ల పట్టుకుని మీటలు కొడతాడు. అక్షరానికి పది సెకన్లు. మునుపు మీ యంత్రం ఎంతసేపైనా ఓపిక పట్టేది. ఈ మధ్య నిమిషానికే పెట్టేస్తోంది.”

మారిట్ చెయ్యి పెట్టెమీదే ఆగిపోయింది.

“ఆరో లైనా?”

“అదే. నంబరు తిప్పేది నేనే, వేలు కాయ కాసింది.”

“మాకొక్క మాట చెప్పి ఉంటే...”

“నేనూ అదే అన్నాను. వింటేగా! ఒక్కడి కోసం ఒక లైను ఎందుకే, నిమిషంలో కొట్టడం నేనే నేర్చుకుంటానన్నాడు. నేను గుడ్లుడికించేటప్పుడు పెట్టుకునే గడియారం పట్టుకుని కూర్చునేదాన్ని. రెండు నిమిషాలనుంచి డెబ్బై నాలుగు సెకన్లకొచ్చాడు, తెలుసా! ఆ రోజు పండగలా వాఫెల్ అట్లు వేసుకుని తిన్నాం.” ఆవిడ మొదటిసారి నవ్వింది. “సోమవారం నుంచి అసలు మోగనే లేదు.”

ఓడ్వర్ లేచి ఆవిడకు కాఫీ పోసి ఇచ్చాడు. ఏ హాస్యమూ ఆడలేదు.

“ఇప్పుడే తెరుస్తానండీ. గడువు తీసేస్తాను. పెట్టె తీసుకెళ్ళండి,” అంది మారిట్, అప్పటికే మీటలు కొడుతూ.

“వద్దమ్మా. మొన్నటినుంచి వాడికి మెడ నిలవడం లేదు. ఇక పుల్ల పట్టలేడన్నాడు డాక్టరు.”

ఇంగెర్ కాఫీ తాగి కోటు గుండీలు పెట్టుకుంది.

“ఉండండి,” అంది మారిట్. “పుల్ల లేకుండా, గడ్డంతోనో రెప్పతోనో కొట్టే ఉపాయం ఏదో ఉంటుంది. మా పలకమీద ఐవింద్ అని ఒకాయన ఉన్నారు. మాట ముక్తసరి గానీ ఆయనకు తెలియనిది లేదు. నాకీ పని నేర్పిందే ఆయన. ఈ మధ్య అలిగారు, అయినా మీ తమ్ముడి కోసమంటే కాదనరు.”

ఇంగెర్ తలుపు దగ్గర ఆగి ఆమెను ప్రేమగా చూసింది.

“ఐవింద్ మా తమ్ముడేనమ్మా,” అని, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది.