చేపలు విన్న చప్పుడు

ప్రయోగశాల ముందుగదిలో గుమ్మం పక్కనున్న గాజుతొట్టిలోని చేపలు గుడ్లు పెట్టడం మానేశాయి.

ఆచార్యులవారు కుర్చీ లాక్కుని ఆ తొట్టి పక్కనే కూర్చున్నారు. ఆయన ఆస్థానం అదే. లోపం ఎక్కడుందో క్షణంలో తేల్చేశారు.

“నీ హస్తవాసి అమ్మా. పిల్లాజెల్లా లేనిదానివి. నువ్వు మేత వేస్తే వాటికి మాత్రం ఎలా కలుగుతాయి?”

పరిశోధకురాలు నవ్వలేదు. మిగిలిన శిష్యులు నవ్వారు. వారి పరిశోధన గ్రంథాల మీద కూడా ఆయన సంతకమే పడాలి.

చేపల, కప్పల హార్మోన్ల శాస్త్రంలో ఆచార్యులవారిది పెద్ద పేరు. ఆ ప్రయోగశాలలో ఎవరు ఏ వ్యాసం రాసినా మొదట ఉండేది అదే. కప్ప తలలోంచి ఆవగింజంత గ్రంథిని తీసి, దాని రసాన్ని సూదితో ఎక్కించి, ఆడకప్పల చేత అకాలంలో గుడ్లు పెట్టించిన ఘనత ఆయనది. సూది పట్టుకున్న చేతులు వేరేవాళ్ళవి. సొమ్మొకరిది, సోకొకరిది. ప్రయోగాలు జరిగే వెనక గదిలోకి ఆయన అడుగు పెట్టరు. అక్కడ కుర్చీ లేదు. అయితే ఆయన గొంతు పెంచగా విన్నవారు లేరు. అంతటి సౌమ్యుడు లేడని విశ్వవిద్యాలయమంతా ప్రతీతి.

“ఈ ఏడాది ఫలితం చూపించకపోతే నీ గడువు అయిపోతుందమ్మా. నా మాట విని పెళ్ళి చేసుకో. డాక్టరేటుదేముంది? వచ్చే అబ్బాయికి ఉంటే నీకున్నట్టే.”

ఆమె వయసంతా ఆ తొట్టెల మధ్యే గడిచింది. డాక్టరేటు రాకపోతే చేతులకు మిగిలేది నీచు వాసన.

నీళ్ళు పరీక్షించింది. మేత మార్చింది. దీపాలు మార్చింది. లాభం లేకపోయింది. వెనక గదిలో అవే చేపలు, అవే నీళ్ళు, అదే హస్తవాసి. గుడ్లు మాత్రం కుప్పలుతెప్పలు. రెండు గదులకూ తేడా ఒక్కటే. వెనక గదిలో నిశ్శబ్దం.

ముందుగది కిటికీ అవతల కొత్త భవనానికి పునాదులు పడుతున్నాయి. ఒక యంత్రం పొద్దస్తమానం నేలను తొలుస్తోంది.

ఆమె తొట్టి పక్కన రికార్డరు అమర్చడం చూసి జూనియరు పిల్ల అడిగింది. “చేపలకి చెవులుంటాయా అక్కా?”

“ఉంటాయే. మూసుకోవడానికి చేతులే లేవు.”

అలా పట్టిన శబ్దాన్ని వెనక గది చేపలకు రోజూ నీళ్ళలో వినిపించింది. ఒత్తిడి హార్మోను రక్తంలో ఎగబాకింది. గుడ్లను పండించే హార్మోను అడుగంటింది. శబ్దం ఆపితే కోలుకున్నాయి. మళ్ళీ వినిపిస్తే మళ్ళీ మానేశాయి. కప్పలకూ వినిపించింది. మగకప్పలు బెకబెకలు మరిచిపోయాయి.

ఫలితం చూపించగానే ఆచార్యులవారు తొడ చరిచారు. “చప్పుడు వల్లేనని నేను మొదట్నించీ అంటూనే ఉన్నాను కదమ్మా!”

“అవును సర్. మొదట్నించీ అంటూనే ఉన్నారు.”

వ్యాసం పేరున్న పత్రికలో వచ్చింది. మొదటి పేరు ఎవరిదో చెప్పనక్కరలేదు. ఆ సంబరంలో ఆయన ఆమె గ్రంథం మీద సంతకం చేసేశారు. చదవలేదు. చదివే అలవాటే ఉంటే వ్యాసమైనా చదివి ఉండేవారు.

డాక్టరేటు పట్టా ఆమె చేతికి వచ్చింది. ఆ తరువాతే ఆచార్యులవారికి పురస్కారం ఇచ్చే సభ జరిగింది.

“ఈ ఆలోచన పూర్తిగా నాదే. మా అమ్మాయి చేతిసాయం చేసింది,” అన్నారాయన మైకులో.

సభాధ్యక్షురాలు వ్యాసం చదివి వచ్చిన మనిషి. “ఇంతకీ అది దేని శబ్దమండీ? ఇందులో ‘పనిచేసే చోట రోజూ వినిపించేది’ అని మాత్రమే రాశారు.”

ఆచార్యులవారు తడుముకోలేదు. “నేల తొలిచే యంత్రమండీ! ఏం చెప్పమంటారు, వింటుంటే మనకే మతిపోతుంది. నోరులేని జీవాలు ఎలా తట్టుకుంటాయి? అవి గుడ్లు పెట్టకపోవడం కాదు, బతికుండటం వింత! నలుగురు ఆడపిల్లలు పనిచేసుకునే చోట అలాంటి మోత పెట్టేవాళ్ళని ఊరికే వదలకూడదు.”

సభ చప్పట్లు కొట్టింది.

“ఆ రికార్డు ఉంటే ఒక్కసారి వినిపిస్తారా?” అన్నది అధ్యక్షురాలు.

“ఎందుకు లేదూ! అమ్మాయ్, వినిపించు. గట్టిగా పెట్టు, వెనక వరసలక్కూడా అందాలి.”

“అలాగే సర్,” అని ఆమె మీట నొక్కింది.

ఎక్కడా పెరగని, ఎక్కడా ఆగని ఆచార్యులవారి గొంతు సభాభవనం నాలుగు మూలలా పలికింది: “చూడమ్మా, సొంత కూతురివనుకుని చెబుతున్నాను...”