ఎక్కడ పట్టావు?

“ఈ చేపను ఎక్కడ పట్టావు బాబూ?” అని అడిగాడు ముసలాయన.

ఆర్విడ్‌కు ఒళ్ళు మండిపోయింది.

ఉత్తర మిన్నెసోటాలో, ఆ కెటిల్ సరస్సు మీద మనిషిని ఏమైనా అడగొచ్చు. జీతమెంత, పెళ్ళాం ఎందుకు వదిలేసింది, ఓటు ఎవరికి వేశావు, ఏదైనా సరే. చేపను ఎక్కడ పట్టావని మాత్రం అడగకూడదు. సొంత తమ్ముడైనా అడగడు.

ఈయనెవరో ముక్కూమొహం తెలియనివాడు. సొట్టలు పడ్డ రేకు పడవలో రేవు పక్కన కూర్చుని, తూకానికి వచ్చిన ప్రతివాణ్ణీ అదే అడుగుతున్నాడు.

జూన్ మొదటి శనివారం, సరస్సు మీది క్లబ్బు వాళ్ళ బాస్ చేపలు పట్టే పోటీ. ఆర్విడ్ తెచ్చింది నాలుగు పౌన్లు తూగింది. అప్పటికి అదే పెద్దది.

సెడార్ మూలలో, నీళ్ళలో కూలిన దుంగ కింద, రబ్బరు వానపామును ఎరగా వేసి పట్టాడు దాన్ని. వేసవంతా ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళను పడవలో తిప్పి చేపలు పట్టించడమే అతని బతుకుతెరువు. ఆ మూల పోతే అతనికి వేసవే లేదు. అలాంటి చోటు ఈ దారినపోయే దానయ్యకు చెప్పాలా?

“ఇసుక మూలలో,” అన్నాడు నవ్వు మొహంతోనే. అది సరస్సుకు అవతలి ఒడ్డు.

పక్క పడవలో ఉన్న స్నేహితుడు డ్వేన్ నవ్వాపుకోలేక దగ్గాడు.

ముసలాయన బుద్ధిగా తల ఊపాడు. చేపను కళ్ళకు బాగా దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“మగది. తోక అంచులు చూడు, ఎలా ఒరుసుకుపోయాయో.”

“అయితే తూకంలో తోక తీసేయమంటావా?”

రేవంతా గొల్లుమంది.

తూకాలయ్యాక చేపలన్నిటినీ రేవు దగ్గరే నీళ్ళలో వదిలారు. ఫొటోలు దిగారు, చప్పట్లు కొట్టుకున్నారు. చుట్టుపక్కల సరస్సుల్లో బాస్ తగ్గిపోతోందని అందరూ మొత్తుకుంటున్నా, తమ సరస్సుకు ఏ లోటూ రాలేదు. ఎందుకంటే తాము ఒక్కదాన్నీ చంపరు. ఆ మాట క్లబ్బు అధ్యక్షుడు ఏటా చెబుతాడు, వీళ్ళు ఏటా పొంగిపోతారు. అందరూ హాల్లోకి భోజనాలకు వెళ్ళారు.

గంట తర్వాత, మరిచిపోయిన టోపీ కోసం ఆర్విడ్, డ్వేన్ రేవుకు తిరిగివచ్చారు.

ముసలాయన నీళ్ళలోకి వంగి, తేరుకోని చేపలను వలబుట్టతో తోడి పడవలోని తొట్టిలో వేసుకుంటున్నాడు. రేవు కింద, సాటి చేపలను మింగే పైక్ చేపలు పళ్ళు నూరుకుంటూ కాచుకుని ఉన్నాయి. ఆర్విడ్ కంటికి వాటికీ ఇతనికీ తేడా కనబడలేదు.

తాము ప్రాణంతో వదిలిపెట్టినవాటిని వేపుడుకు ఎత్తుకుపోతున్నాడు. సిగ్గూ శరమూ లేని మనిషి. తొట్టిలో చూస్తే తన నాలుగు పౌన్లది లేదు. అంటే అప్పటికే ఒక విడత ఎక్కడో దించి వచ్చాడన్నమాట.

“నా చేప ఏది?” అన్నాడు ఆర్విడ్.

“దించేశాను బాబూ. వీటికి అట్టే టైము లేదు, నిన్నే ఒక మాట...”

చెప్పనిస్తేగా. డ్వేన్ వలబుట్ట లాక్కుని దాని కర్రను మోకాలి మీద విరిచాడు. ఆర్విడ్ తొట్టిని నీళ్ళలోకి బోర్లించాడు. మళ్ళీ ఈ రేవులో కనబడితే పడవ మునుగుతుందన్నాడు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, పడవను బండికి తగిలించుకుని వెళ్ళిపోయాడు. పేరేమిటని కూడా ఎవరూ అడగలేదు.

నాలుగు రోజుల తర్వాత ఆర్విడ్ సెడార్ మూలకు వెళ్ళాడు.

దుంగ కింద గులకరాళ్ళను తోకతో ఊడ్చి చేసుకున్న గూడు ఉంది. దాని మీద చిల్లర చేపలు మూగి, తలలు కిందికి పెట్టి ఏరుకుతింటున్నాయి. బాస్ పిల్ల ఒక్కటీ లేదు. పక్క గూడూ అంతే. ఆ పక్కదీ అంతే.

తన ఏడేళ్ళ మూల అది. గూళ్ళలో పిల్లలకు కాపలా కాసే మగచేపలను ఆ ముసలాడే తినేశాడు. వాణ్ణి ఎక్కడున్నా పట్టుకోవాలి.

పడవల రాకపోకలన్నీ గమనించేది ఇసుక మూలలో ఒంటరిగా ఉండే ఎల్మా. నేరుగా ఆమె ఇంటికే వెళ్ళాడు. తినేశాడన్న మాట వినగానే ఆమెకు కోపం వచ్చింది.

“తినడమా? నోరు కడుక్కో ఆర్విడ్. పదకొండేళ్ళుగా వస్తున్నాడాయన. మీరు రేవులో పడేసి పోతారు. ఆయన ఒక్కోదాన్నీ పట్టిన మూలకే మోసుకెళ్ళి వదులుతాడు. తండ్రి కాపలా లేకపోతే పిల్లలు గంట కూడా బతకవంటాడు. ఈ సరస్సులో ఇంకా బాస్ ఉందంటే అది మీ చప్పట్ల వల్ల కాదు.”

“ఏది ఎక్కడిదో ఆయనకెలా తెలుసు?”

“ఇన్నాళ్ళూ తెల్లారకముందే వచ్చి, దూరంగా పడవలో కూర్చుని, ఎవరు ఎక్కడ చేపలు పడుతున్నారో చూసుకునేవాడు. ఈ ఏడు చూపు ఆనడం లేదట. అడిగి తెలుసుకుంటానన్నాడు.”

ఎల్మా తన ఒడ్డు ముందున్న నీళ్ళ వైపు చేయి చూపింది.

“శనివారం ఇక్కడికి ఒక్కటే తెచ్చాడు, మంచి నాలుగు పౌన్ల మగది. ‘దీని పిల్లలు ఈ మూలలోనే ఉన్నాయి, పట్టినాయన స్వయంగా చెప్పాడు’ అంటూ నీళ్ళలో దించాడు. అది గూడు వెతుక్కోలేక చుట్టూ తిరుగుతూంటే, తప్పు నాదేనేమో, సరిగ్గా వినలేదేమోనని, మళ్ళీ ఆ పట్టినాయన్నే అడిగి వస్తానని రేవుకు వెళ్ళాడు.”